తనిఖీకి పడుకున్నవాళ్లం

కళ్లు మూసుకోమన్నారు గానీ నిద్రపోవద్దన్నారు. ఆ రెండింటికీ మధ్య ఎక్కడుండాలో శానిటరీ ఇన్‌స్పెక్టర్ చెప్పలేదు. పొద్దింకా వాలలేదు, కిటికీ అద్దాల మీద ఎండ పచ్చగా పరుచుకుని ఉంది, ఈ వేళప్పుడు నేను పార్కులో పైపు పట్టుకుని మొక్కలకు నీళ్లు పెడుతూ ఉండాలి, దాని బదులు మున్సిపాలిటీ వారి నిరాశ్రయుల వసతి గృహంలో, ఆడవాళ్ల హాల్లో, మరుగుదొడ్డి పక్క మంచం మీద, గడ్డం దాకా దుప్పటి లాక్కుని ఇల్లూ వాకిలీ లేనిదానిలా పడుకుని ఉన్నాను. పై ఆఫీసు నుంచి మేడమ్ వస్తోందట. షెల్టర్ నిండుగా ఉందో లేదో చూసి పోతుందట. నిండుగా ఉంటే ఊరికి మంచి పేరు, కమిషనర్ గారికి అంతకన్నా మంచి పేరు. ఖాళీగా ఉంటే అందరికీ తలవంపులు. అందుకని నింపారు. మాతో నింపారు. వీధులు ఊడ్చేవాళ్లు, మొక్కలు చూసేవాళ్లు, నీళ్ల ట్యాంకు దగ్గర పనిచేసే అమ్మాయిలు, చివరికి ఆఫీసులో టైపు చేసే అక్కను కూడా వదల్లేదు. నిజంగా ఇల్లు లేనివాళ్లు ఈ ఊళ్లో కరువైపోయారన్నట్టు.

దుప్పటి కొత్తది. మడతలింకా విడలేదు, కప్పుకుంటే ఒంటికి అంటుకోకుండా అట్టలా లేచి నిలబడుతోంది. గోడౌన్ వాసన ముక్కులోంచి నెత్తికెక్కుతోంది. తనిఖీ కాగానే ఇవే మడతల మీద మడిచి అప్పగించాలని స్టోర్ కీపర్ మరీ మరీ చెప్పాడు, మరక పడితే ఊరుకోనన్నాడు. మరక చేసేవాళ్లను గేటు బయటే ఆపేశారు కదయ్యా, నీకెందుకా దిగులు. మంచాలు పంచేటప్పుడు చూడాలి తమాషా. ఫ్యాన్ల కింద పర్మినెంటు వాళ్లు. కిటికీల వైపు వాళ్లలో వాళ్లకు సీనియారిటీ ప్రకారం. మేం అవుట్‌సోర్సింగు కాబట్టి మాకు మరుగుదొడ్డి పక్క. తనకంటే వెనక చేరినావిడ ఫ్యాన్ కింద పడుకుందని టైపిస్టు అక్క ఇన్‌స్పెక్టర్‌తో తగువు పెట్టుకుని మరీ మంచం మార్పించుకుంది. దిక్కులేనివాళ్లలా పడుకోవడంలో కూడా ఎవరి హోదా వాళ్లకుండాలి మరి. అంతా సర్దుకున్నాక ఆయన ఫోను పట్టుకుని మంచం మంచానికీ వచ్చాడు. డ్యూటీ హాజరు. "కదలకండి, కళ్లు తెరవండి, మొహం సరిగా పడితేగానీ హాజరు పడదు" అన్నాడు. కళ్లు తెరిచి హాజరు వేయించుకుని మళ్లీ మూసుకున్నాం. ఈ కాసేపు ఇల్లు లేకుండా ఉన్నందుకు మాకు డ్యూటీ వేశారు. ఏళ్ల తరబడి ఇల్లు లేకుండా ఉన్నవాళ్లకు ఏం వేశారో చెప్పేవాడు లేడు.

పక్క మంచం మీద స్వీపరమ్మ నిజంగానే నిద్రపోయింది. పాపం, తెల్లారక ముందే రోడ్డెక్కిన మనిషి, మెత్తటి పరుపు తగిలితే ఒళ్లు ఊరుకుంటుందా. సన్నగా గురక పెడుతోంది. ఇన్‌స్పెక్టర్ అటుగా వచ్చి విని, బాగుంది, ఇలాగే ఉండాలి అన్నట్టు తలాడించాడు. ఆయనకు పొద్దున్నుంచీ ఇదే పని. వాచీలు తీయించాడు. చెవుల్లో మెరిసేవి తీయించాడు. చెప్పులన్నీ ఒక గోనెసంచిలో వేయించి మెట్ల కింద దాచాడు. "అడిగితే ఒకటే మాట. బాగా చూసుకుంటున్నారండీ. అంతే. నవ్వకండి, ఒకరి మొహాలొకరు చూసుకోకండి. జుట్టు కాస్త చెరుపుకోండి" అన్నాడు. జుట్టెందుకండీ అని ఎవరో అడిగితే, "ఇల్లు లేనోళ్లకి దువ్వెన ఉంటుందా అమ్మా" అన్నాడు. ఉంటుందయ్యా. నువ్వు చూడలేదు గానీ ఉంటుంది. మా పార్కు గోడ పక్క వీధిలో ఉండే దర్జీ బాబాయ్ భార్య, నేను పిన్నీ అని పిలుస్తాను, రోజూ పొద్దున్నే పంపు దగ్గర తల దువ్వుకుంటుంది, సగం పళ్లు ఊడిన దువ్వెనతో, నీళ్ల గుంటలో మొహం చూసుకుంటూ. చెయ్యి పైకి లేవకపోతే ఆయన వెనక నిలబడి పాపిడి తీస్తాడు. బట్ట మీద సుద్దతో గీత గీసినట్టు తీస్తాడు, ఎక్కడా వంకర ఉండదు. నా జుట్టు చెరుపుకోవడానికి నేను రెండు చేతులూ పెట్టి పీక్కోవాల్సి వచ్చింది, ఆవిడ తల మాత్రం వీధిలో కూర్చుని కూడా ఏనాడూ చెదరలేదు.

అదిగో, దగ్గు. మరుగుదొడ్డి వెంటిలేటర్ అవతల ప్రహరీ గోడ, గోడ అవతల పిన్ని. ఆ దగ్గు నాకు తెలుసు. మొదట రెండు చిన్నవి, ఆగి, తర్వాత లోపలున్నదంతా తోడి పోస్తున్నట్టు పెద్దది. అంటే అక్కడే ఉన్నారు. పోలేదు. మేడమ్ కారు కనబడే మేరలో ఎవరూ ఉండొద్దని ఇన్‌స్పెక్టర్ అరిచి చెప్పినా ఎక్కడికని పోతారు, ఆవిడ నాలుగడుగులు వేయలేదు. నేను లోపలికొస్తుంటే గేటు పక్కన బట్టల మూట మీద వాలి ఉంది. ముట్టుకుంటే చెయ్యి కాలింది. కళ్లు తెరిచి నన్ను చూసి, "నీ మొక్కలెట్లా ఉన్నాయే" అంది. అంత జ్వరంలో మొక్కల సంగతి. బాబాయ్ కుట్టు మిషన్ను గోడకు ఆనించి, దాని మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నాడు. "లోపల ఓ మూల చాలమ్మా, ఈ పూటకి. నేను బయటే ఉంటా. దీనికి ఒళ్లు కాలిపోతోంది" అన్నాడు. ఎవరినీ ఏదీ అడగని మనిషి అడిగాడు. నేను పరుగున పోయి ఇన్‌స్పెక్టర్‌ని పట్టుకున్నాను. "తనిఖీ అవనివ్వమ్మా, అయ్యాక నేనే దగ్గరుండి మంచం వేయిస్తా" అన్నాడు. అంతమందిలో అన్న మాట కదా, నిలబెట్టుకుంటాడనుకున్నాను. వచ్చి బాబాయ్‌కి చెప్పాను. ఆయన సరేనని తలూపాడు. ఆ తలూపుడు చూసి నేను లోపలికొచ్చి ఆవిడ పడుకోవాల్సిన మంచం మీద పడుకున్నాను.

తల కింద దిండు ఉంది చూడండి, ఈ దిండు గలీబు కుట్టింది ఎవరనుకుంటున్నారు. చెంప ఆనిస్తే కుట్టు తగులుతోంది, దగ్గర దగ్గరగా, ఒకే తీరుగా. ఆ చెయ్యి నాకు కొత్తా. నా యూనిఫాం కోటు బిగుతైతే విప్పి కుట్టిందీ ఆ చెయ్యే. షెల్టర్ కట్టేటప్పుడు గలీబులూ కర్టెన్లూ ఎవరితో కుట్టించాలని ఆఫీసులో మాటొచ్చింది. ఉన్నాడు కదా మన పార్కు గోడ దగ్గర, ఎక్కడో ఎందుకని పిలిచారు. ఫుట్‌పాత్ మీద మిషన్ పెట్టుకుని, పైన గోనెపట్టా కట్టుకుని కుట్టాడు. మూలల్లో కట్టుకునే తాళ్లు పిన్ని చేత్తో కుట్టింది. ఒక సాయంత్రం పార్కు గేటు వేసి బయటికొస్తుంటే ఆయన గలీబు వెలుతురుకు పట్టి చూసి, పూర్తిగా విప్పేసి మళ్లీ మొదలుపెడుతున్నాడు. బాగానే ఉంది కదా బాబాయ్, మున్సిపాలిటీ పనికి అంత చూడాలా అన్నాను. "మేం పడుకునేవే కదమ్మా. రేపు దీని చెవికి గుచ్చుకుంటే నన్నే తిడుతుంది" అన్నాడు. పిన్ని నోట్లో దారం పెట్టుకునే నవ్వింది. కుట్టించుకున్నారు, ఎక్కించుకున్నారు, కుట్టినవాళ్లను గోడ అవతల కూర్చోబెట్టారు. వాళ్ల కోసం కుట్టిన దిండు మీద నేను జుట్టు పీక్కుని పడుకున్నాను.

అసలు వాళ్లు వీధిన ఎలా పడ్డారు, అది కదా అడగాలి. ఆ వచ్చే మేడమ్ అదొక్కటీ అడిగితే చాలు. తుఫానేమీ రాలేదు. అన్నదమ్ములు మోసం చేయలేదు. ఆయన తాగి తగలేయలేదు. వాళ్లకో గది ఉండేది. పార్కు గోడకు ఆనించి రేకుల గది, ముందు మిషన్, వెనక మంచం, గోడకు కత్తెరలు వేలాడేసే మేకులు. కాలవ వెడల్పు చేయాలని మున్సిపాలిటీ ఒక పొద్దున బుల్‌డోజర్ పంపింది. సామాను తీసుకునేంత సేపు ఆగమని బాబాయ్ చేతులు జోడిస్తే డ్రైవరు ఆగాడు, ఆగొద్దని అరిచింది మాత్రం మా ఇన్‌స్పెక్టరే. నేను చీపురు పట్టుకుని పార్కు లోపల నిలబడి చూస్తున్నాను, రేకులు నలిగే చప్పుడుకు చెట్ల మీద పిట్టలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. సరే, కాలవ కోసం కదా, ఊరికి మంచిదే కదా అనుకుని నోరు మూసుకున్నాం. కాలవ వెడల్పయిందా? ఇప్పటికీ పిల్ల కాలవే. ఆ జాగాలో కౌన్సిలర్ గారి కార్లు నిలబడుతున్నాయి, వాటికి నీడ కావాలని మళ్లీ రేకులే వేశారు. కార్లకు రేకులు అడ్డం కాదట, మనుషులకైతే అడ్డమట. గది పడగొట్టింది వీళ్లే, గది లేదని జాలిపడి షెల్టర్ కట్టింది వీళ్లే, కట్టామని రిబ్బను కత్తిరించి ఫోటోలు దిగిందీ వీళ్లే. ఆ కత్తెర కూడా బాబాయ్ దగ్గరే అడిగి తీసుకెళ్లారు.

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప హాల్లో ఇంకేం లేదు. ఎవరో ఆవలించారు. ఎవరో చేతి వేళ్లు విరుచుకున్నారు. షెల్టర్ తెరిచిన వారం బాబాయ్, పిన్ని ఇద్దరూ మూట కట్టుకుని వచ్చారు. పెళ్లికి పోతున్నట్టు ఉతికిన బట్టలేసుకుని వచ్చారు. గేటు దగ్గర గుమాస్తా అడ్రసు కార్డు అడిగాడు. "అడ్రసుంటే ఇక్కడికెందుకొస్తాను బాబూ" అన్నాడు బాబాయ్, కోపంగా కూడా కాదు, అతనికి అర్థం కాలేదేమోనని వివరంగా చెప్పాడు. పాత అడ్రసున్న కార్డు చూపిస్తే, ఈ అడ్రసులో ఇల్లు లేదు కదా అన్నాడు గుమాస్తా. లేదు, మీరే తీసేశారు. ఎవరో పెద్దవాళ్లు చెప్పాక కార్డు సంగతి వదిలేశారు, ఇంకోటి పట్టుకున్నారు. మగవాళ్లు అటు, ఆడవాళ్లు ఇటు. పిన్నికి మోకాళ్లు పట్టేస్తాయి, రాత్రి మధ్యలో లేవాలంటే ఎవరో ఒకరు నడుం పట్టుకుని లేపాలి, ఆ పట్టు ఆయనకు తెలుసు. ఆయన్ని ఆడవాళ్ల హాల్లోకి రానివ్వరు, నిజమే, ఎవరూ అడగడం లేదు. ఆ మెట్ల పక్క గది ఖాళీగానే ఉంది కదా, దాంట్లో ఆలుమగలిద్దరూ ఉంటే ఎవరి సొమ్మేం పోయింది. దాంట్లో దోమల మందు డబ్బాలున్నాయట. డబ్బాలకు గది ఉంది. ఇక మిషన్ సంగతైతే అడగనే అక్కర్లేదు, వసతి మనుషులకే గానీ యంత్రాలకు కాదన్నారు. మిషన్ వీధిలో వదిలి లోపల పడుకుంటే పొద్దున ఏం కుట్టుకుని తింటారు అనే ఆలోచన ఆ కుర్చీల్లో ఒక్కడికైనా రావాలా వద్దా. దంపతులకు విడిగా హాలు కట్టే విషయం పరిశీలనలో ఉందని కమిషనర్ గారు చెప్పారు. బాబాయ్ కాళ్లరిగేలా తిరిగాడు, పోయినప్పుడల్లా పరిశీలనలోనే ఉంది. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. కమిషనర్ గారు మాతో మాట్లాడుతూనే గోడ మీద గడియారం చూశారు. ఆ తర్వాత వచ్చేవాళ్లు తగ్గిపోయి, మనుషులు రావడం లేదని షెల్టర్‌కు తాళం పడింది. రానివ్వరు, రావడం లేదంటారు. ఇంతకంటే చక్కగా ఎవరూ చేతులు దులుపుకోలేరు.

పడుకోవడానికి చోటు అడగడమంటే ఏమిటో నాకు తెలుసు, అందుకే నాకింత మంట. నాన్న పోయాక అమ్మ నన్ను వెంటేసుకుని అత్తయ్య వాళ్లింట్లో కొన్నాళ్లు, పెదనాన్న వాళ్లింట్లో కొన్నాళ్లు ఉంది. ఎవరూ పొమ్మనలేదు, అది అబద్ధం చెప్పకూడదు. కానీ చీకటి పడేసరికి అమ్మ మొహం మారిపోయేది. అందరూ తిని, అందరూ పక్కలు పరుచుకుని, ఎవరెక్కడ పడుకుంటారో తేలాక మిగిలిన జాగా మాది. ఒకరోజు అరుగు, ఒకరోజు వంటింటి గుమ్మం, ఒకరోజు బియ్యం బస్తాల పక్కన. నేను నిద్రకు తూలుతుంటే అమ్మ నా భుజం పట్టుకుని నిలబెట్టి, కాసేపాగు, ఇంకా వాళ్లు సర్దుకోలేదు అనేది. పొద్దున ఎవరూ లేవకముందే దుప్పటి మడిచి, మేమక్కడ పడుకున్న గుర్తు లేకుండా తుడిచేసేది. చిన్నప్పుడు నేను అనుకునేదాన్ని, అందరూ అంతేనేమో, పడుకున్న చోట గుర్తు మిగలకూడదేమో అని. తర్వాత నా పెళ్లయి నా ఇంట్లో మొదటిసారి, పొద్దెక్కే దాకా దుప్పటి అలా మంచం మీదే కుప్పగా వదిలేసి, దాన్ని చూస్తూ కూర్చున్నాను. మా ఆయన చూసి, ఏమైందీ, ఒంట్లో బాలేదా అన్నాడు. బాగుంది, చాలా బాగుంది అన్నాను. పిన్నికీ ఆ పాటి ఇవ్వమంటున్నాను. మేడ అడిగిందా? మడవక్కర్లేని దుప్పటి ఒకటి.

బయట బండి చప్పుడు. వచ్చేశారా? హాల్లో అందరి ఒళ్లూ ఒక్కసారి బిగుసుకున్నాయి. కాదు, ఇది కారు కాదు, పెద్ద బండి. ప్రహరీ పక్కనే ఆగింది. ఇంజన్ ఆపలేదు. ఎవరో ఎవర్నో కసురుకున్నారు, బాబాయ్ గొంతు కూడా ఉన్నట్టుంది, ఏమంటున్నాడో ఫ్యాను హోరులో తెలియడం లేదు. లేచి వెంటిలేటర్ దగ్గరికి పోదామా? తల కాస్త ఎత్తేసరికి తలుపు దగ్గర నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ వేలు చూపించాడు, బడిపిల్లల్ని బెదిరించినట్టు. తల దించాను. కాంట్రాక్టు జాబితాలో మా పేరు ఎప్పుడు రాస్తారో ఎప్పుడు కొట్టేస్తారో, అంతా ఆయన చేతిలో పని. మా ఇంటి అద్దె, పిల్ల చదువు, అన్నీ ఆ వేలికి కట్టేసి ఉన్నాయి. బండి కదిలిపోయింది. మళ్లీ ఫ్యానే. దగ్గు కోసం చెవులు పెట్టుకుని పడుకున్నాను. మొదటి రెండు చిన్నవి వస్తాయి, ఆగి పెద్దది వస్తుంది. రాలేదు. కునుకు పట్టిందేమో. జ్వరం దిగినప్పుడు చెమట పట్టి నిద్ర పడుతుంది. అలాగే అయ్యుంటుంది. దగ్గవే పిన్నీ, ఒక్కసారి దగ్గు, ఉన్నావని తెలియాలి. ఛీ, ఏం కోరుకుంటున్నాను నేను.

ఇప్పుడొచ్చారు. బూట్ల చప్పుళ్లు, వాటి ముందు మెత్తటి చెప్పుల చప్పుడు. కమిషనర్ గారి గొంతు తేనెలో ముంచి తీసినట్టుంది. రెప్పల సందులోంచి చూస్తే మేడమ్ నేననుకున్నట్టు లేదు. సన్నగా, అలిసిపోయి, చేతిలో నీళ్ల సీసాతో, పొద్దున్నుంచీ ఊళ్లు తిరిగిన మనిషిలా ఉంది. మంచాల మధ్య నడుస్తూ దుప్పటి అంచు వేళ్లతో పట్టుకుని చూసింది. టైపిస్టు అక్క దగ్గర ఆగింది. "ఎన్నాళ్లయిందమ్మా ఇక్కడికొచ్చి?" అంది. "చాన్నాళ్లయిందండీ. బాగా చూసుకుంటున్నారండీ" అంది అక్క, అప్పజెప్పినట్టు. "అంతకు ముందు ఎక్కడుండేవారు?" ఇది నేర్పలేదు. అక్క నోరు తెరిచింది, మూసింది, ఏళ్ల తరబడి పై అధికారి అడిగితే చెప్పే జవాబు దానంతటదే బయటికొచ్చింది. "రెవెన్యూ సెక్షన్లో మేడమ్." హాల్లో స్వీపరమ్మ గురక ఒక్కటే. మేడమ్ వెనక్కి తిరిగి కమిషనర్ని చూసింది. ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చి గొంతు తగ్గించి, "మతి సరిగా ఉండదు మేడమ్, పాపం. వీధిలో తిరుగుతుంటే మేమే తీసుకొచ్చాం" అన్నాడు. అక్క మొహం చూశాను. ఆఫీసులో ఎవరి తప్పున్నా ఆవిడే దిద్దాలి, అంతటి మనిషి, పదిమందిలో పిచ్చిదని అనిపించుకుని, దుప్పటి ఇంకాస్త పైకి లాక్కుని గోడ వైపు తిరిగిపోయింది. ఇంతసేపూ లోపల ఉడుకుతున్నదేదో నాలో అప్పుడు పొంగింది. ఇల్లు తీసేయగలరు, మంచం ఇవ్వకుండా ఉండగలరు, ఇప్పుడు ఎదురుగా ఉన్న మనిషి మతి కూడా తీసేస్తున్నారు, దానికీ మేం పడుకునే ఉండాలి.

లేచి కూర్చున్నాను. ఇన్‌స్పెక్టర్ వేలు లేచింది, దాన్ని చూస్తూనే లేచాను. "మేడమ్, ఆవిడకు మతి బ్రహ్మాండంగా ఉంది. ఆవిడ మా ఆఫీసు టైపిస్టు. నేను పార్కులో పనిచేస్తాను. మేమందరం ఇక్కడ డ్యూటీలో ఉన్నాం" అన్నాను. "ఈ మంచం నాది కాదండీ. దీని మనిషి బయట గోడ పక్కన జ్వరంతో పడి ఉంది. ఈ దిండు కుట్టింది వాళ్లే. వచ్చి చూడండి." కమిషనర్ గారు ఏదో అనబోయారు. మేడమ్ చెయ్యి ఎత్తి ఆపింది. నేను దుప్పటి నేల మీద పడేసి నడిచాను, మడవలేదు. వెనక ఎవరు వస్తున్నారో చూసుకోలేదు, మెత్తటి చెప్పుల చప్పుడు మాత్రం వినబడుతూనే ఉంది. మెట్ల మీద ఒకటే ఆలోచన, పిన్నిని ఎలా లేపాలి, నడుం దగ్గర పట్టాలా, చంకల కింద పట్టాలా, బాబాయ్ ఉంటాడులే, ఆయనే లేపుతాడు, నేను మూట పట్టుకుంటే చాలు.

గోడ పక్కన ఎవరూ లేరు. మిషన్ ఒక్కటీ గోడకు ఆనుకుని ఉంది. పిన్ని వాలిన చోట నేల మీద తడి, నీళ్లు ఒలికినట్టు. ఎదురుగా టీ కొట్టతను గ్లాసులు కడుగుతూ మమ్మల్నే చూస్తున్నాడు. ఎక్కడ వీళ్లు అని అరిచాను. అతను మా వెనకున్న పెద్దవాళ్లను చూసి తటపటాయించాడు. "చెప్పండి, పర్లేదు" అంది మేడమ్.

"ఇందాక మున్సిపాలిటీ బండి వచ్చిందండీ. ముసలమ్మని ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. మిషన్ కూడా ఎక్కించమని ఆయన బతిమాలాడు. కుదరదన్నారు."

"ఎక్కడికి తీసుకెళ్తున్నామన్నారు?"

"షెల్టర్‌కే అన్నారండీ. అందుకే ఆయన గమ్మున ఎక్కేశాడు."

మేడమ్ తలెత్తి గేటు మీద షెల్టర్ బోర్డు చూసింది. కమిషనర్ గారు ఇన్‌స్పెక్టర్‌ని చూశారు, ఇన్‌స్పెక్టర్ తన బూట్లు చూసుకున్నాడు. "టీ లోపల ఏర్పాటు చేశాం మేడమ్" అన్నారు కమిషనర్ గారు.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా మంటే. "ఊరి హద్దు దాటించి దింపుతారు మేడమ్" అన్నాను. "చెత్త గుట్టల అవతల. మా పార్కు ఆకులు కూడా ఆ బండే అక్కడ పోస్తుంది, నాకు తెలుసు. అవతల దిగితే వాళ్లు ఇంక మా ఊరివాళ్లు కారు. మా ఊళ్లో ఇల్లు లేనివాళ్లు లేరని అప్పుడు మీరు రాసుకోవచ్చు." మేడమ్ నా వైపు తిరిగింది, నీళ్ల సీసా మూత తిప్పుతూ నిలబడింది. ఆవిడ తేల్చుకునే దాకా ఆగడానికి నాకు ఓపిక లేదు. అంత జ్వరంలో పిన్ని ఆ ఎండలో, ఆ కంపులో, షెల్టర్ ఎప్పుడొస్తుందని ఆయన్ని అడుగుతూ ఉంటుంది.

గేటు ముందు మేడమ్ కారు ఉంది. ముందు తలుపు తీసి కూర్చున్నాను. డ్రైవరు ఉలిక్కిపడి నన్ను కిందికీ మీదికీ చూశాడు, చెదిరిన జుట్టు, వెలిసిన బట్టలు, చెప్పుల్లేని కాళ్లు.

"ఎవరమ్మా నువ్వు, దిగు" అన్నాడు.

"మున్సిపాలిటీ" అన్నాను. "బండి తియ్యి."